ముప్పై ఒక్క గడుల గుడ్డ

నెరిహమ రేవువాళ్ళలో హకోయిషి కినుయెకు రెండు పేర్లుండేవి. ఎదుటపడితే "పెద్దక్క", పక్కకు తప్పుకున్నాక "వేలిముద్రావిడ". రెండోపేరు ఆమెకు తెలియదని అందరూ అనుకునేవారు. ఆమెకు తెలుసు. ఆ పేరు పెట్టింది పక్కింటి షిగె అని కూడా తెలుసు.

చదువు రాక వేలిముద్ర వేసే మనిషి కాదు కినుయె. చేపలవాళ్ళ సహకార సంఘంలో ఇరవై ఆరేళ్ళు ఉత్తరాలు రాసింది. రేవులో ఎవరింట పెళ్ళయినా కవర్ల మీద పేర్లు రాయడానికి కుంచె ఆమె చేతికే ఇచ్చేవారు. అలాంటి ఆవిడ, సునామీ వచ్చి వెళ్ళినప్పటి నుంచి, ముద్ర వేయమన్న ప్రతిచోటా ఎర్రసిరా డబ్బాలో బొటనవేలు అద్ది ఒత్తేసి వచ్చేది. మా తీరంలో ముద్ర లేని ఇల్లు లేదు. వేలెడు పొడవున్న గుండ్రటి చెక్కపుల్ల, దాని కొసన చెక్కిన ఇంటిపేరు. పార్సిలు అందుకోవాలన్నా, పడవ కొనాలన్నా, పెళ్ళి నమోదు చేయించాలన్నా ఆ ఎర్రటి గుండ్రం పడాల్సిందే. సునామీలో ముద్రలు పోయినవాళ్ళు చాలామంది ఉన్నారు. అందరూ ఆ ఏడాదే కొత్తవి చెక్కించుకున్నారు. కినుయె మాత్రం చెక్కించుకోలేదు.

పురపాలక కార్యాలయంలో మూడో కిటికీ దగ్గర కూర్చునే నిసాతోకు ఆమె పద్ధతి అలవాటైపోయింది. ఆమె తలుపు తోసుకుని రావడం చూడగానే సిరా డబ్బా మూత తీసి, పక్కన ఒక కాగితం రుమాలు మడిచి పెట్టేవాడు.

"బామ్మగారూ, ఇక్కడొకటి, కిందొకటి."

ఆమె ఒత్తేది. వేలు తుడుచుకుని లేవబోతుంటే అతను గొంతు తగ్గించేవాడు.

"ఆ ఇంకో కాగితం సంగతి ఆలోచించారా?"

"ఏ కాగితం?"

"అదేనండీ, యసుజో గారిది. వేలిముద్ర అయినా చాలు, నేను పై వాళ్ళతో మాట్లాడతాను."

"ఆయన పోయాడని రాసివ్వాలి, అంతేగా? ఆయన్ని రానివ్వు. ఆయన్నే అడిగి రాయిస్తా."

నిసాతో సిరా డబ్బా మూత పెట్టేసేవాడు. మనిషి దొరకకపోయినా ఇంటివాళ్ళు రాసిస్తే చనిపోయినట్టు నమోదు చేసుకునే పద్ధతి అప్పటికే వచ్చింది. మిగతావాళ్ళంతా ఏడ్చో, ఏడవకో రాసిచ్చారు. కినుయె భర్త యసుజో ఒక్కడే ఊరి లెక్కలో ఇంకా బతికి ఉన్నాడు. దాంతో చిక్కొచ్చి పడింది. కొండమీద మట్టి చదును చేసి కొత్త ఇళ్ళకు స్థలాలు ఇస్తున్నారు. కింద మునిగిపోయిన స్థలం యసుజో పేరున ఉంది. అది భార్య పేరుకు మారితే తప్ప కొండమీద స్థలం రాదు, ఆయన పోయినట్టు కాగితం పడితే తప్ప పేరు మారదు. సునామీ తరువాత వచ్చే ఐదో డిసెంబరు ఆఖరికి గడువు. పొరుగువాళ్ళు ఒక్కొక్కరే తాత్కాలిక ఇళ్ళు ఖాళీ చేసి పైకి వెళ్ళిపోతున్నారు. కినుయె రేకుల గోడల మధ్య మిగిలిపోతోంది.

ఆమె మొండితనానికి కారణం ఇది. ఆ రోజు మధ్యాహ్నం భూమి ఊగడం ఆగగానే మొగుడూ పెళ్ళాం కలిసే మెట్లెక్కి కొండమీది బడి ఆవరణకు చేరారు. మంచు పడుతోంది. రేవు రేవంతా అక్కడే ఉంది. చేతిసంచీ తడుముకున్న కినుయె, "అయ్యో, ముద్రల డబ్బా బీరువాలోనే వదిలేశాను" అంది. అంతే అంది. యసుజో మెడకు తువ్వాలు చుట్టుకుని, "ఐదు నిమిషాల్లో వస్తా" అని మెట్లు దిగాడు. సముద్రం అంతకన్నా ముందు వచ్చింది.

ఆ మాట తాను అన్నట్టు ఎవరికీ తెలియదనుకుంది కినుయె. ఎవరికీ చెప్పలేదు కూడా. కొత్త ముద్ర చెక్కిస్తే, పాతదాని కోసం దిగిన మనిషి ఇక రాడని తన చేత్తో రాసిచ్చినట్టే. ఆ పని చేయలేక వేలు ఎర్రగా చేసుకుని తిరిగేది.

ఇక గుడ్డ సంగతి.

అది వచ్చింది సునామీ తరువాత మూడో వేసవిలో. అప్పట్లో మా తీరానికి చిత్రకారులు బాగా వచ్చేవారు. ఒకాయన విరిగిన పడవలకు రంగులు వేసి వెళ్ళాడు. ఒకావిడ మా పాత చెప్పులు అడిగి పట్టుకెళ్ళింది, ఏం చేసిందో ఇప్పటికీ తెలియదు. లారీల మీద, వంతెనల మీద, బీరు డబ్బాల మీద కూడా "నిలబడు జపాన్" అని రాసి ఉండేది. దాన్ని చూసినప్పుడల్లా షిగెకు ఒళ్ళు మండేది. "జపాన్ నిక్షేపంగా నిలబడే ఉంది. పడింది మా రేవుగోడ. ముందు దాన్ని నిలబెట్టమనండి" అనేది. షిగె రేవు పాకలో కత్తి పట్టి ఆలుచిప్పలు విప్పే మనిషి. ఆమె నోరూ ఆ కత్తీ ఒకే చోట సానపట్టినవి.

ఆ ఏడాది వచ్చిన చిత్రకారిణి పేరు సెరిజావా మదోకా. తోక్యో పిల్ల, ముప్పై దాటి ఉంటాయి. మనిషి మర్యాదస్తురాలు, వంగి దణ్ణం పెడితే లేవడం మర్చిపోయేది. ఆమె ఆలోచన ఏమిటంటే, పెద్ద తెల్లగుడ్డ మీద పెన్సిలుతో ఒక వలయం గీసింది. దాన్ని ఇంటింటికీ తిప్పితే, ఒక్కో ఇల్లు తమ దగ్గరున్న ఎర్రటి గుడ్డముక్క ఏదో ఒకటి, పాత చొక్కాదో రుమాలుదో, వలయంలో కుట్టాలి. అన్నీ కలిస్తే జెండా మీది ఎర్రసూర్యుడు అవుతాడు. దెబ్బతిన్న మనుషుల ఇళ్ళలోంచి దేశం జెండాను మళ్ళీ కుట్టి, ఇంత జరిగాక ఈ దేశం ఎవరిది అని అడగాలని ఆమె ఉద్దేశం. ఇదంతా రెండు పేజీల ఉత్తరంలో వివరంగా రాసి, గుడ్డకు పిన్ను చేసి ఇచ్చింది. "మీ నోటీసు అట్టతో పాటు దీన్ని కూడా తిప్పగలరా?" అని అడిగింది.

అక్కడే పొరపాటు జరిగింది. నోటీసు అట్ట అంటే ఏమిటో తోక్యోలో అపార్టుమెంటులో పెరిగిన పిల్లకు తెలియదు. మా రేవులో తాతల నాటి నుంచి అది ఇంటింటికీ తిరుగుతూనే ఉంది. కాలువ శుభ్రం చేసే రోజు, టీకాల రోజు, ఎవరి పిల్లి తప్పిపోయిందో, అన్నీ ఆ అట్టకే. కింద ఇళ్ళ పేర్లతో గడులుంటాయి. చూశామని మన గడిలో ముద్ర వేసి పక్కింటి తలుపుకు తగిలిస్తాం. చూడటం తప్పనిసరి కాదు. ముద్ర తప్పనిసరి.

ఆ ఏడాది తాత్కాలిక ఇళ్ళ వరసకు పెద్ద కినుయె, కాబట్టి గుడ్డ ముందు ఆమె చేతికే వచ్చింది. గుడ్డ విప్పి నేలమీద పరిచింది. పెన్సిలు వలయం ఆమె కంటికి ఆనలేదు, కొంచెం ఆనినా మరకనుకుంది. ఆమె వెతికింది గడుల కోసం. గడులు లేవు.

"తోక్యోవాళ్ళ పనంతా ఇంతే" అనుకుని స్కేలు తీసింది. ఉతికినా పోని నల్ల మార్కరుతో గుడ్డ ఈ కొస నుంచి ఆ కొస దాకా గడులు గీసింది. గడికొక ఇంటిపేరు, తనదైన చక్కటి రాతలో. రేవుగోడ పక్కన ఒంటరిగా ఉండే ఇంటితో మొదలుపెట్టి, మంచుగడ్డల పాక, వలలు బాగుచేసేవాళ్ళ సందు, మెట్లదారి, అలా కొండ పాదం దాకా రాసుకుంటూ పోయింది. ముప్పై ఏళ్ళు అట్ట తిప్పిన చెయ్యి, ఆగలేదు. ముప్పై ఒకటో గడి పూర్తిచేసి మార్కరు మూత పెట్టాక చూసుకుంది. తాను రాసింది తాత్కాలిక ఇళ్ళ వరస కాదు. సముద్రంలో కలిసిపోయిన నెరిహమ వరస.

మార్కరు ఉతికితే పోదు. ఇంకో గుడ్డ లేదు. చివరకు మడిచి షిగె తలుపు తట్టింది.

"ఇదేంటక్కా, ఇంత గుడ్డ! పెళ్ళి పందిరికా?"

"నోటీసే. చదివి ముద్రేసి పక్కకి పంపు."

"చదవడం కూడానా? కొత్త రూలా?"

ఉత్తరం ఎవరూ చదవలేదు. గుడ్డ మాత్రం తిరిగింది. తమ పాత ఇంటి గడి ఎక్కడుందో వెతుక్కోవాల్సిన అవసరం ఎవరికీ రాలేదు, వేలు దానంతట అదే వెళ్ళింది. కొడుకుల దగ్గరికీ కూతుళ్ళ దగ్గరికీ చెదిరిపోయినవాళ్ళకు పార్సిల్లో పంపారు. వాళ్ళు ముద్ర వేసి, తోడుగా ఆపిల్ పండ్లో ఊరగాయో పెట్టి వెనక్కి పంపారు. ఆ పార్సిళ్ళన్నీ కినుయె వేలిముద్ర వేసే అందుకుంది. నలభై రోజులకు గుడ్డ తిరిగి ఇల్లు చేరింది. ఇరవై మూడు గడుల్లో ఇరవై మూడు ఎర్రటి ముద్రలు. ఎనిమిది ఖాళీ. ఖాళీ గడుల్లో ఎవరూ పొరపాటున కూడా ముద్ర వేయలేదు, ఒక్క మాటా రాయలేదు, ఒక్క చుక్క సిరా పడనివ్వలేదు.

సూర్యుడి కోసం వచ్చిన మదోకా గుడ్డ విప్పి చూసింది. చూసి చాపమీద కూర్చుండిపోయింది. కళ్ళలో నీళ్ళు.

కినుయె కంగారుపడింది. "పాడుచేశామా అమ్మాయ్? ఉడకేసి చూస్తాలే. ముద్రల సిరా పోతుందో లేదో చెప్పలేను గానీ..."

"వద్దు, వద్దండీ! ముట్టుకోకండి."

"మరి ఏడుస్తావెందుకు?"

"నేను జెండా అడిగాను" అంది మదోకా ముక్కు తుడుచుకుంటూ. "జపాన్ అంటే ఏమిటి అని అడుగుదామని వచ్చాను. మీరు వేరే ఏదో చెప్పారు."

"మేమేం చెప్పలేదమ్మా" అంది పక్కనే ఉన్న షిగె. "నోటీసు చూశామన్నాం, అంతే. జపాన్ సంగతి మాకేం తెలుసు? ఇక్కడెవరూ జపాన్ కాదు, నెరిహమ."

మదోకా ఆ మాట చిన్న పుస్తకంలో రాసుకుంది. తరువాత ఖాళీ గడుల గురించి అడిగింది. షిగె ఒక్కొక్కదాని మీదా వేలు పెట్టి చెప్పుకుంటూ వచ్చింది. ఈ ఇంట్లో ఐదుగురు, ఈ ఇంట్లో ముసలాళ్ళిద్దరు, ఇది కవలపిల్లల ఇల్లు. ఏడు చెప్పి పద్దెనిమిదో గడి దగ్గర వేలు తీసేసుకుంది. ఆ గడిలో "హకోయిషి" అని ఉంది.

"ఆ ఇంటి ముద్ర ఉన్న మనిషి ఇంకా రాలేదు" అంది కినుయె. కినుయెను అందరూ పెద్దక్క అనడమే విన్న మదోకాకు అది ఆమె ఇంటిపేరే అని తెలియదు, ఇంకేమీ అడగలేదు. అడిగి ఉంటే తరువాతి గొడవే ఉండేది కాదు.

రెండేళ్ళు గడిచాయి. గుడ్డను దక్షిణాన నగరంలోని ఒక మ్యూజియం కొనుక్కుంది. శరదృతువులో అక్కడ పెద్ద ప్రదర్శన పెట్టి, నెరిహమవాళ్ళ కోసం బస్సు పంపింది. పద్నాలుగుమంది బయల్దేరారు. కినుయె అందరికీ సరిపడా అన్నం ముద్దలు కట్టి, సముద్రపు నాచు చుట్టి, సంచీలో పెట్టుకుంది. దారి పొడవునా షిగె మ్యూజియం అంటే చెప్పులు విప్పాలా వద్దా అని వాదిస్తూనే ఉంది.

పెద్ద తెల్లగది. గోడ నిండా గుడ్డ. అంత ఎత్తున, దీపాల కింద చూస్తే అది తాము దుప్పటిలా మడిచి తిప్పిన గుడ్డేనా అనిపించింది. నెరిహమవాళ్ళు మొదట చేసిన పని ఎవరి ముద్ర వంకరగా ఉందో వెతికి వెక్కిరించుకోవడం. మంచుగడ్డల పాక ముసలాయన ముద్ర తలకిందులుగా పడింది. దాని ముందు ఆయన్ని నిలబెట్టి ఫోటో తీశారు.

అప్పుడే కాలేజీ పిల్లలు ఓ ఇరవైమంది వచ్చారు. వాళ్ళ ముందు మెడలో బిళ్ళ వేసుకున్న ఒక గైడు. గుడ్డ పక్కన గోడకు అంటించిన వివరాల కాగితంలో ఉన్నదే ఆమె మెల్లగా, శ్రద్ధగా చెప్పింది.

"ముప్పై ఒక్క ఇళ్ళు. ముద్రలున్నవి మనుషులు మిగిలిన ఇళ్ళు. ఖాళీగా ఉన్న ఎనిమిది ఇళ్ళలో ప్రాణాలతో బయటపడినవాళ్ళు ఒక్కరూ లేరు."

ఒక అమ్మాయి పద్దెనిమిదో గడి ఎదురుగా నిలబడి, కళ్ళు మూసుకుని చేతులు జోడించింది. ఆ అమ్మాయి పక్కనే, భుజం తగిలేంత దగ్గరగా, అన్నం సంచీ పట్టుకుని కినుయె నిలబడి ఉంది.

"ఒక్కరూ లేకపోవడమేంటి? ఉన్నాను" అంది.

ఎవరికీ వినపడలేదు. మళ్ళీ అంది. ఈసారి గది మొత్తం తిరిగి చూసింది.

"ఆ ఇల్లు మాదే. నేను బతికే ఉన్నాను. నాకు దణ్ణం పెట్టకు తల్లీ."

ఆ అమ్మాయి బెదిరి చేతులు దించేసింది. గైడు కాగితం కేసి చూసింది, కినుయె కేసి చూసింది, మళ్ళీ కాగితం కేసి చూసింది. ఆ గడి కినుయె తన భర్త కోసం అట్టిపెట్టింది. అందులో తాను కూడా ఉన్నానన్న సంగతి ఇన్నాళ్ళూ తట్టలేదు. ఒక్కడి కోసం తలుపు తీసి ఉంచాననుకుంటే, చూసేవాళ్ళకు అది పాడుబడ్డ కొంప. ఆమెకు కోపం వచ్చింది. తనను అడక్కుండా తనను చంపేశారు. దానికి సగం కారణం తానే అని తెలిసేసరికి ఆ కోపం ఇంకా పెరిగింది.

కబురు అందుకుని హగివారా అనే మ్యూజియం అధికారి పరుగున వచ్చాడు. వెనకే మదోకా. హగివారా నడుం వంచి క్షమాపణ చెప్పాడు, కాగితం ఇవాళే మార్పిస్తానన్నాడు.

"కాగితం కాదు నాయనా. ఆ గడిలో నేను గుర్తు వేయాలి" అంది కినుయె.

హగివారా మొహంలో రంగు మారింది. "అమ్మగారూ, అది ఇప్పుడు మ్యూజియం సొత్తు. ఎవరూ ముట్టుకోకూడదు. పైగా ప్రదర్శన పుస్తకం అచ్చయిపోయింది. అందులో ఎనిమిది ఖాళీల గురించి పెద్దవాళ్ళు వ్యాసాలు రాశారు. జాతి గుండెలో ఎనిమిది ఖాళీలు అని..."

"అంటే?" షిగె ముందుకొచ్చింది. "మీ పుస్తకం కోసం మా అక్క చచ్చినట్టు పడి ఉండాలా?"

"అబ్బే, అలా అనడం లేదండీ..."

"ఏడే అయితే మీ జాతికి గుండె నొప్పి తగ్గిపోతుందా ఏంటి?"

మదోకా ఎర్రబడ్డ మొహంతో హగివారా వైపు తిరిగింది. "తప్పు నాది. నేను అడగాల్సింది, అడగలేదు. గుడ్డ ఆవిడ గీసింది, ఆవిడ తిప్పింది. నాకు అభ్యంతరం లేదని రాసిస్తాను."

హగివారా చెడ్డవాడు కాదు, నియమాల మనిషి. లోపలికి వెళ్ళి ఫోన్లు చేశాడు. తిరిగొచ్చేటప్పుడు చేతిలో మూడు పేజీల దరఖాస్తు ఉంది. పై అధికారి ఒప్పుకున్నాడు. సేకరణలోని వస్తువుకు మార్పు కోరుతూ సంబంధిత వ్యక్తి దరఖాస్తు పెట్టాలి. కింద ముద్ర వేయాలి.

కినుయె సిరా అడిగి బొటనవేలు ముందుకు చాపింది.

"క్షమించాలండీ" అన్నాడు హగివారా, నిజంగానే సిగ్గుపడుతూ. "దీనికి వేలిముద్ర చెల్లదు. ముద్రే కావాలి."

షిగె నవ్వడం మొదలుపెట్టింది, ఆమెను చూసి మదోకా, వాళ్ళిద్దర్నీ చూసి నెరిహమ మొత్తం నవ్వింది. ముద్ర వేసుకోవడానికి ముద్ర వేసి అడగాలి. ఈ దేశాన్ని ఏ జెండా మీదా వెతకక్కర్లేదు, ఆ దరఖాస్తులోనే ఉంది. కినుయె నవ్వలేదు. బొటనవేలు వెనక్కి తీసుకుని దానికేసి చూసుకుంది. గోటి అంచున పాత ఎరుపు ఎప్పుడూ పూర్తిగా పోయేది కాదు.

"ముద్రల అంగడి ఎక్కడుంది?" అంది.

మ్యూజియం వెనక సందులోనే ఉంది. షిగె వెంట వెళ్ళింది. అంగట్లో తిరిగే స్టాండు నిండా రెడీమేడ్ ముద్రలు, వేల ఇంటిపేర్లు. హకోయిషి లేదు. ఉండదని కినుయెకు తెలుసు, అయినా రెండుసార్లు తిప్పి చూసింది. ఉంటే పని తేలిగ్గా అయిపోయేది, లేకపోతే వెనక్కి వెళ్ళిపోవచ్చు అనిపించింది.

"చెక్కాలి తల్లీ. గంట పడుతుంది" అన్నాడు అంగడాయన. "ఇంటిపేరా, మీ పేరా? ఈ రోజుల్లో ఆడవాళ్ళు సొంత పేరు చెక్కించుకుంటున్నారు."

కినుయె ఆలోచించింది. "ఇంటిపేరే. ఇంట్లో ఉన్నది నేనేగా" అంది.

ఆయన పుల్లను బిగించి, కంటికి భూతద్దం పెట్టుకుని పనిలో పడ్డాడు. ఇద్దరూ బల్లమీద కూర్చున్నారు. చెక్కపొడి వాసన. గంటసేపు మాట్లాడకుండా కూర్చోవడం షిగె జీవితంలో ఎప్పుడూ జరగలేదు. పావుగంటకే నోరు తెరిచింది. కానీ వచ్చింది ఎప్పుడూ వచ్చే మాట కాదు.

"అక్కా. ఆ రోజు నువ్వు తెమ్మనలేదు."

కినుయె తల తిప్పలేదు.

"డబ్బా మర్చిపోయానన్నావు. తెమ్మని మాత్రం అనలేదు. నేను పక్కనే ఉన్నాను, విన్నాను. ఆయనే దిగాడు. నువ్వు 'వద్దు, పోనీలే' అని కేక కూడా వేశావు. గాలికి ఆయనకి వినపడలేదు."

"నేను కేక వేశానా?"

"రెండుసార్లు వేశావు. గుర్తులేదా?"

గుర్తులేదు. నాలుగున్నరేళ్ళుగా ఆ మధ్యాహ్నంలో ఆమెకు వినపడింది ఒక్క మాటే. దాని వెనక ఇంకో మాట ఉందని తెలియదు. కినుయె ఒడిలో సంచీని గట్టిగా పట్టుకుంది.

"ఇన్నాళ్ళూ చెప్పలేదేమే?"

"నువ్వెప్పుడైనా అడిగావా? నా నోటి సంగతి తెలుసుగా అక్కా. ఒకటి మొదలెడితే ఆగదు. ఇదొక్కటీ పొరపాటున బయటపడకూడదని కాచుకుని కూర్చున్నా." షిగె ముక్కు చీది, వెంటనే గొంతు మార్చేసింది. "వేలిముద్రావిడా అని పేరు పెట్టింది కూడా నేనే."

"తెలుసు."

"తెలిసీ ఊరుకున్నావా?"

"బాగుందని ఊరుకున్నా."

అంగడాయన ముద్రను దులిపి, చిత్తుకాగితం మీద ఒకసారి వేసి చూపించాడు. కొత్త అక్షరాలు, అంచులు పదునుగా ఉన్నాయి. పాతదాని అంచు ఒకచోట అరిగి ఉండేది. ఇది అది కాదు. కినుయె దాన్ని అరచేతిలో పెట్టుకుని కాసేపు ఏడ్చింది. షిగె పక్కకు చూస్తూ స్టాండును ఊరికే తిప్పుతూ నిలబడింది.

మ్యూజియంలో అంతా సిద్ధంగా ఉంది. నలుగురు కలిసి గుడ్డను దించి పొడవాటి బల్లమీద పరిచారు. దరఖాస్తు మీద కొత్త ముద్ర పడింది. హగివారా ఆమెకు తెల్లటి చేతితొడుగులిచ్చాడు. తొడుక్కుని చూసి, పట్టు దొరకడం లేదని విప్పేసింది. ఆయన వద్దనబోయి ఊరుకున్నాడు. కినుయె గడికింద మెత్తటి పలక పెట్టించుకుని, ముద్ర తలవైపు ఏదో చూసుకుని, సిరాలో అద్దింది. పద్దెనిమిదో గడిలో ఆనించి, వీపంతా వంచి బరువు వేసి ఒత్తింది. ఎత్తి చూస్తే కొంచెం వంకర.

"అందరిలో వంకర నీదే అక్కా" అంది షిగె.

"నిలబడి వేస్తే తెలిసేది నీకు."

గోడమీది కాగితం కొత్తది అచ్చయి రావడానికి వారం పడుతుంది. అందాకా ఏం చేయాలో హగివారాకు తెలుసు. "ఎనిమిది" మీద స్కేలు పెట్టి రెండు గీతలు కొట్టి, పైన "ఏడు" అని రాసి, ఆ దిద్దుబాటు తానే చేశానని పక్కన తన చిన్న ముద్ర వేశాడు. ఆ వారం వచ్చినవాళ్ళలో కొందరు గుడ్డకన్నా ఆ దిద్దుబాటు ముందే ఎక్కువసేపు నిలబడ్డారని మదోకా తరువాత ఉత్తరం రాసింది. ఆ ఉత్తరం కినుయె మొత్తం చదివింది, రెండు పేజీలూ.

బస్సులో తిరిగి వస్తూ అన్నం ముద్దలు తిన్నారు. కినుయె ముద్రను సంచీలో పెట్టలేదు, పిడికిట్లోనే ఉంచుకుంది.

నవంబరు మొదటివారంలో, ఒక మంగళవారం పొద్దున, ఆమె పురపాలక కార్యాలయం తలుపు తోసుకుని లోపలికి వచ్చింది. మూడో కిటికీ దగ్గర నిసాతో చూశాడు. అలవాటుగా సిరా డబ్బా మూత తీశాడు, పక్కన కాగితం రుమాలు మడిచి పెట్టాడు.

"ఆ ఇంకో కాగితం ఇవ్వు" అంది కినుయె.

అతను ఏ కాగితమని అడగలేదు. అడుగు సొరుగులోంచి తీశాడు. ఆమె పేరుతో ఎప్పటి నుంచో సిద్ధంగా ఉంది. ఆమె కళ్ళజోడు పెట్టుకుని, భర్త పేరు, పుట్టిన రోజు, ఊరు, అన్నీ పెళ్ళి కవరు మీద రాసినంత శ్రద్ధగా రాసింది. చనిపోయిన చోటు అన్న దగ్గర ఆగింది. "నెరిహమ, ఇంటికి వెళ్ళే దారిలో" అని రాసింది. నిసాతో అలా రాయకూడదని చెప్పలేదు.

తరువాత ఆమె సంచీలోంచి ముద్ర తీసి, అద్ది, ఒత్తింది. ఈసారి నిటారుగా పడింది.

నిసాతో చాలాసేపు దానికేసి చూశాడు. ఇక ఆమె వేలు తుడుచుకునే పని లేదు కదా అని, మడిచి పెట్టిన కాగితం రుమాలును మెల్లగా తన వైపు లాక్కోబోయాడు.

"అది ఉంచు నాయనా" అంది కినుయె, కళ్ళజోడు తీస్తూ. "కావాలి."